ఆకు రాలాకే పిట్ట కనబడుతుంది

హైదరాబాద్ చుట్టుపక్కల పిట్టల్ని చూడటం నేర్చుకోవాలనుకునేవాళ్లకు మాఘం చివరి నుంచి ఉగాది దాకా ఉన్న రోజుల్ని మించిన అదను లేదు. మన దక్కను అడవి ఆకు రాల్చే అడవి. పచ్చదనం పలచబడ్డాక ఏ కొమ్మ మీద ఏముందో కంటికి ఆనుతుంది. జూబ్లీహిల్స్‌లోని కేబీఆర్ పార్కునే చూడండి. చిరాన్ ప్యాలెస్ చుట్టూ రాతిగుట్టల మధ్య మిగిలిన ఆ అడవిని 1998లో జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 390 ఎకరాలు.

అక్కడ గబగబా నడిచేవాళ్లకు నెమళ్లు తప్ప పెద్దగా ఏమీ దొరకవు. పూసిన చెట్టొకటి చూసుకుని, ఎండ వీపున పడేలా నిలబడి, అరగంట కదలకుండా ఉండగలగడమే ఈ విద్యలో సగం అని నా నమ్మకం. ఈ రోజుల్లో మోదుగు, బూరుగు చెట్లు ఎర్రగా పూస్తాయి. వాటి తేనెకు గోరింకలూ తేనెపిట్టలూ ఎగబడతాయి. చలికాలం మన దగ్గర గడిపే గులాబీ గోరింకలు మధ్య ఆసియాకు మళ్లేముందు ఈ పూల మీదే గుంపులుగా వాలతాయి. మగ తేనెపిట్ట ఇప్పుడు ఊదా నీలం మెరుపుతో నిగనిగలాడుతుంది. జతకట్టే కాలం దాటితే ఆ రంగంతా పోయి, గొంతు కింద నల్లచార మాత్రం మిగులుతుంది.

కంటికన్నా ముందు చెవికి పని చెప్పాలి. ఎడతెగని 'టుక్ టుక్' వినిపిస్తే అది కంసాలి పిట్ట. కూస్తూ తల తిప్పుతుంది కాబట్టి గొంతు ఎటునుంచి వస్తోందో పోల్చుకోవడం కష్టం. ఎండు కొమ్మల చివర్లు వెతకండి. కనబడ్డాక చూపు దాని మీదే ఉంచి బైనాక్యులర్‌ను కళ్ల దగ్గరికి తెచ్చుకోవాలి. తల దించి పరికరం సర్దుకునేలోపు పిట్ట ఎగిరిపోతుంది.

సీతాకోకచిలుకల కోసం పిట్టలకు లేచినంత పొద్దున్నే లేవనక్కర్లేదు. ఒళ్లు వెచ్చబడితే తప్ప అవి ఎగరలేవు. పొద్దెక్కాక రెక్కలు విప్పి ఎండ కాచుకునేటప్పుడే తీరిగ్గా చూడవచ్చు. వీటిని వెతకాలంటే మొక్కలు తెలియాలి. జిల్లేడు ఆకు తిని పెరిగే నారింజ రంగు ప్లెయిన్ టైగర్ ఒంట్లో విషం ఉంటుంది, పిట్టలు దాని జోలికి పోవు. నిమ్మాకు మీద లైమ్ బటర్‌ఫ్లై పసి గొంగళిపురుగు అచ్చం పిట్టరెట్టలా ఉండి పిట్టల్నే ఏమారుస్తుంది. పిట్టల్నీ సీతాకోకల్నీ కలిపి చూడాలనేది ఇందుకే.

ఈ పరిశీలనకు ఇక్కడ చరిత్ర ఉంది. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1931-32లో హైదరాబాద్ సంస్థానమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. 1980లో మొదలైన బర్డ్‌వాచర్స్ సొసైటీ ఇప్పుడు దక్కన్ బర్డర్స్ పేరుతో నడుస్తోంది. సలీం అలీ నాటి పిట్టల్లో ఏవి మిగిలాయో, ఏవి తగ్గాయో చెప్పగలిగేది ఇలా రాసిపెట్టిన వివరాలే.

మీరూ ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. తేదీ, వేళ, చోటు, పిట్ట వాలిన చెట్టు పేరు రాయండి. గూళ్లు కట్టే కాలం ఇది. ఫోన్‌లో కూతలు వినిపించి పిట్టల్ని పిలవకండి, గూటి దగ్గరికి వెళ్లకండి.