ఆ లిఫ్టు గుంజినోళ్లెవరు?

మా జిల్లా పేరే ఆయనది. పాలమూరుకు 1890లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరు పెట్టి మహబూబ్‌నగర్ చేసిన్రు. ఆయన ఉన్న పురానీ హవేలీ చూపిద్దామని మా సర్కారు బడి పిల్లల్ని హైదరాబాద్ తీస్కపోయిన.

2000 సంవత్సరం నుంచి ఆ హవేలీలో నిజాం మ్యూజియం ఉంది. 1937 రజతోత్సవాలప్పుడు ఏడో నిజాంకు వచ్చిన వెండి, బంగారు కానుకలు అద్దాల వెనక మెరుస్తున్నయి. పిల్లలు మాత్రం బట్టల బీరువా కాడ ఆగిపోయిన్రు. బీరువా అంటే మనిండ్లల్లోది అనుకునేరు. 176 అడుగుల పొడవంటారు, రెండంతస్తులు. పై బట్టలు అందుకోవడానికి చేత్తో నడిపే చెక్క లిఫ్టు. మహబూబ్ అలీఖాన్ ఒకసారి తొడిగిన బట్ట మళ్ళీ తొడగలేదని చెప్పుకుంటారు. ఆ ముచ్చట క్లాసులో నేనూ ఎన్నిసార్లో చెప్పిన, నవ్వుకుంట.

ఏడో తరగతి పిల్ల అడిగింది: “సార్, ఆ లిఫ్టు గుంజినోళ్లెవరు?”

నా దగ్గర జవాబు లేదు. మా వంశంలో మొదటి డిగ్రీ నాది. అయినా ఆ ప్రశ్న నాకు తట్టలేదు. మా నాయిన గుంపు మేస్త్రీ వెంట ఊరుగాని ఊళ్ళల్లో కాలువలు తవ్విన పాలమూరు లేబర్. నాకు బడికి ఒక్కటే జత. అమ్మ రాత్రి ఉతికి పొయ్యి కాడ ఆరేస్తే, పొద్దున పొగవాసనతో తొడుక్కపోయేటోణ్ణి. నాయిన పోయిన్నాడు ఒంటి మీది అంగి ఆయనతోనే మట్టిలో కలిసింది. దాచుకుందామంటే ఇంకోటి లేదు.

మ్యూజియం అబద్ధమాడుతున్నదని నేననను. దాచే చోటున్నోడి వస్తువే మిగుల్తది. మిగిలిందే చరిత్రయితది. ఆ బట్ట నేసినోళ్ళు, కుట్టినోళ్ళు, ఉతికినోళ్ళు ఆ బీరువాలో ఎక్కడా కనబడరు. అదే నగరంలో, అదే నిజాం కాలంలో, 1906లో భాగ్యరెడ్డివర్మ జగన్మిత్ర మండలి పెట్టి మాల మాదిగలను కూడగట్టిండు. 1911లో అది మన్య సంఘమయింది. మహబూబ్ అలీఖాన్ పోయిందీ ఆ ఏడే. రాజు బట్టల గురించి అన్నిసార్లు చెప్పిన నేను, ఈ కథ ఒక్కసారీ చెప్పలేదు. తప్పు నాదే.

తిరిగొచ్చినంక, ఇంట్ల ఉన్న పాత పనిముట్టు ఏదన్న తెమ్మన్న. ఆరె, రంపె, గంప, కొడవలి వచ్చినయి. ఎవరిదో, దాంతో ఏం పని చేసిన్రో పిల్లలే చీటీలు రాసిన్రు. నేను నాయిన గడ్డపార తెచ్చిన. కూలి మస్టర్ల తప్ప ఎవరూ రాయని ఆయన పేరు, ఆ చీటీ మీద నేను రాసిన.