చెరువుకు మూడు చీటీలు

మా చెరువుకు మూడు పేర్లు. పాతవాళ్లకు కొల్ల చెరువు, పేపర్లవాళ్లకు ఫాక్స్ సాగర్, ఇంకొందరికి జీడిమెట్ల చెరువు. పేట్ బషీరాబాద్‌లో మా ఇంటి నుంచి బండి మీద ఎంతోసేపు పట్టదు. నిజాం హయాంలో 1897లో కట్టిన చెరువది. ఇదంతా నా దగ్గర ఒక చీటీలో రాసి ఉంది.

చీటీ అంటే మా కాలనీలో ముందుగా గుర్తొచ్చేది నెలనెలా కట్టే చీటీ. నేను చెప్పేది వేరే. జెరెమీ రస్టన్ అనే ఆయన 2004లో టిడ్లీవికీ అని నోట్సు రాసుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి తయారుచేశాడు. వికీ మొత్తం ఒకే ఒక్క ఫైలు. పెన్‌డ్రైవులో వేసుకుని జేబులో పెట్టుకు తిరగొచ్చు. అందులో రాసే ఒక్కో ముక్కకు టిడ్లర్ అని పేరు. ఇంగ్లండులో పిల్లలు వాగుల్లో పట్టే చిన్న చేపనూ అదే మాటతో పిలుస్తారట, మన పరకల్లాంటివన్నమాట. నేను మాత్రం చీటీ అనే అంటాను. ఆరేళ్లుగా మా చుట్టుపక్కల సంగతులు అందులో రాస్తున్నాను: సందుల పాత పేర్లు, ఏ బావి ఎక్కడుండేది, కట్ట మైసమ్మ బోనాల రోజు ఎవరింట్లో ఏం వండుతారు. ఒక్కో చీటీ నాలుగైదు వాక్యాలు మించదు.

ఇవి నా ఒక్కడి దగ్గరే ఉంటే బాగుండదని ఇద్దరికి పంచడం మొదలుపెట్టాను. ఒకరు మా పై అంతస్తులో ఉండే రిటైర్డు సారు. రెండోది శామీర్‌పేటలో కాపురముంటున్న మా మేనకోడలు. వాళ్లూ రాస్తారు, దిద్దుతారు, నాకు తిరిగి పంపుతారు. వినడానికి సులువుగానే ఉంటుంది.

మొదటి దెబ్బ మేనకోడలే కొట్టింది. "మామా, నీ చీటీల 'ఇప్పుడు అక్కడ అపార్ట్‌మెంట్ లేస్తోంది' అని ఉన్నది. ఇప్పుడంటే ఎప్పుడు?" అని అడిగింది. చూస్తే అది రాసి నాలుగేళ్లయింది. అపార్ట్‌మెంట్ లేచింది, జనం దిగారు, లిఫ్టు కూడా ఒకసారి పాడైంది. ఆ రాత్రి కూర్చుని చీటీలన్నీ తిరగేశాను. 'ఇప్పుడు', 'మొన్న', 'పైన చెప్పినట్టు', 'మా ఇంటెనక', 'కొత్త బ్రిడ్జి దగ్గర'. ఇవన్నీ నాకు తప్ప ఎవరికీ పనికిరాని మాటలే. సొంతానికి రాసుకున్నంత కాలం వాటి లోటు తెలియలేదు. చీటీ ఒంటరిగా బయటికెళితే దాని వెంట నేనుండను కదా. 'మా ఇంటెనక' కొట్టేసి 'మేడ్చల్ రోడ్డుకు పడమర' అని రాశాను. 'ఇప్పుడు' ఉన్నచోటల్లా సంవత్సరం వేశాను. ఈ పని బియ్యంలో రాళ్లు ఏరడం లాంటిది, అయిపోయిందనుకున్నాక ఇంకోటి పంటికింద పడుతుంది.

ఈ చిన్న ముక్కల పని మనవాళ్లకు కొత్తేమీ కాదు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యం అని ముడుంబై వారి పండితుడొకరు అంటే, సురవరం ప్రతాపరెడ్డి వాదనకు దిగి ఊరుకోలేదు. ఊరూరా ఉన్న కవుల వివరాలు, పద్యాలు సేకరించి 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. 354 మంది కవులు! ఎవరికి వారు పంపిన చిన్న చిన్న ముక్కలు ఒకచోట చేరేసరికి ఇక ఎవరూ కాదనలేని గ్రంథమైంది. కొమర్రాజు లక్ష్మణరావు గారిది ఇంకో దారి. ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని అకారాది క్రమంలో మొదలుపెట్టారు. ఎంత పెద్ద మనిషైనా ఆయుష్షు అక్షరాల వరసకు ఆగదు. వచ్చిన మూడు సంపుటాలూ తొలి అక్షరాలు దాటకుండానే 1923లో ఆయన వెళ్లిపోయారు. వికీకి అక్షరాల వరస పట్టదు. ఎవరికి 'ప' తెలిస్తే వాళ్లు 'ప'తో మొదలుపెట్టొచ్చు.

2003 డిసెంబరులో వెన్న నాగార్జున చొరవతో మొదలైన తెలుగు వికీపీడియా అలాగే పెరిగింది. అక్కడి మాటలు నాకు భలే ఇష్టం. నాలుగు వాక్యాల వ్యాసాన్ని 'మొలక' అంటారు. మాట్లాడుకునే చోటు 'రచ్చబండ'. ఒకే దానికి మూడు పేర్లుంటే రెండు పేర్ల నుంచి మూడోదానికి 'దారిమార్పు' వేస్తారు. మా చెరువుకు కావలసిందీ అదే. 2016 అక్టోబరు 11న పది జిల్లాల తెలంగాణ 31 జిల్లాలైనప్పుడు మా ఊరు రంగారెడ్డి నుంచి మేడ్చల్ జిల్లాకు వచ్చింది. కలెక్టరాఫీసు బోర్డు మారింది సరే, వేల ఊళ్ల పేజీల్లో జిల్లా పేరు ఎవరు మార్చాలి? జీతం లేనివాళ్లే కూర్చుని మార్చారు. ఎవరు ఏ మాట ఎప్పుడు మార్చారో ప్రతి పేజీకి 'చరిత్ర' ఉంటుంది. ఎవరైనా చెడగొట్టినా వెనక్కి తిప్పొచ్చు.

నా ఫైలుకు అలాంటి చరిత్ర లేదు. అసలు గోల అక్కడే.

2020 అక్టోబరు వానలకు ఫాక్స్ సాగర్ నిండి కొంపల్లి పక్క ఉమామహేశ్వర కాలనీని ముంచింది. వారాల తరబడి నీళ్లు తియ్యలేదు. ఆ కాలనీలో అద్దెకుండి, మా సందులో ఆకుకూరలు అమ్మే ఒకామె అప్పట్లో నాతో ఒక మాట చెప్పింది. ఇల్లు నీళ్లలో ఉన్నన్నాళ్లూ తాళంచెవి ఒంటి మీదే ఉంచుకుని తిరిగిందట. తలుపు సగం దాకా నీళ్లలో ఉంటే తాళంచెవి ఎందుకమ్మా అంటే, "ఇల్లున్నదని యాదికుండాలె గద సారూ" అంది. ఆ మాట చెరువు చీటీలో చివర రాసుకున్నాను.

ఈ మధ్య సారు చెరువు చీటీని బాగా పెంచి పంపారు. తూములు, అలుగు, కట్ట పొడవు, అన్నీ చక్కగా రాశారు. నా ఫైలులోకి దించుకున్నాను. ఒకే పేరున్న చీటీ వస్తే పాతది పోయి కొత్తది కూర్చుంటుంది. దించుకునే ముందు అది హెచ్చరిస్తుంది కూడా. నేను అవతల ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూ సరే నొక్కేశాను. సారు దగ్గర ఉన్నది ఆమె మాట చేర్చకముందు పంపిన పాత ప్రతి. అలుగు వచ్చింది, తాళంచెవి పోయింది.

వికీపీడియాలో పెట్టి ఉంటే పోయేది కాదుగా అనొచ్చు. అక్కడ ఆ మాట నిలవదు. ఎక్కడో అచ్చయిన మూలం చూపించాలి. ఆకుకూరల గంప దగ్గర విన్నానంటే కుదరదు. ఆ నియమం తప్పని నేననను, అది లేకపోతే ఎవరి తాతను వాళ్లు రాజును చేసుకుంటారు. కాబట్టే అచ్చుకెక్కని మాటకు ముగ్గురు మనుషుల చీటీలే దిక్కు.

గుర్తున్నంతలో మళ్లీ రాశాను: 'తాళంచెవి మెడలో వేసుకుని తిరిగింది'. దిద్దిన చీటీ ఇద్దరికీ పంపాను. గంటలో శామీర్‌పేట నుంచి జవాబు. "మామా, మెడ ఏడికెళ్లి వచ్చింది? నువ్వే అప్పుడు కొంగుకు కట్టుకున్నదని రాసినవ్." అప్పటి ప్రతి తన ఫైలులో పదిలంగా ఉంది. నాలుగేళ్లలో నా బుర్ర కొంగుముడి విప్పి తాళంచెవిని మెడకు తగిలించింది. కొంచెం సినిమా లెక్క బాగుంటుందనుకుందేమో.

అప్పటినుంచి ముగ్గురం రెండు పద్ధతులు పెట్టుకున్నాం. ఎదుటివాళ్ల చీటీ వస్తే దాని మీద దించం, పేరు చివర ఊరు చేర్చి పక్కన పెట్టుకుని, రెండూ చూసి కలుపుతాం. మాట ఎవరిదో, ఏ నెలలో విన్నదో చీటీ అడుగున రాస్తాం. తెలుగు వికీపీడియాలో రాసింది ఎవరైనా తీసుకుని దిద్దుకోవచ్చు గానీ రాసినవాళ్లను చెప్పి తీరాలని షరతు. మా ముగ్గురికీ షరతుల కాగితం లేదు గానీ, ఆకుకూరల గంప దగ్గరికీ ఆ మర్యాద వెళ్లాలని సారు పట్టుబట్టారు.

ఆ పట్టు మీదే మొన్న శనివారం గంప దించగానే ఆమెను అడిగాం. కొంగుకా, మెడలోనా? ఆమె గోంగూర కట్ట విదిలిస్తూ కాసేపు ఆలోచించింది.

"రెండు రాస్కోండ్రి సారూ. పగలు కొంగుకు, పండుకుంటె మెడల."