మట్టి పట్టు వేసే చెయ్యే వేరు

నాగుల చవితినాడు సాలూరు చుట్టుపక్కల పుట్టలో పాలు పోసినవాళ్లు ఊరికే తిరిగిరారు. చిటికెడు పుట్టమన్ను తీసి పిల్లల చెవులకు రాస్తారు, చెవిపోటు రాదని. ఆ నమ్మకం మాటెలా ఉన్నా, మన్ను ఎంపికలో మాత్రం మన పెద్దవాళ్లకు వంక పెట్టలేం. చెదపురుగులు అడుగునుంచి రేణువు రేణువుగా మోసుకొచ్చి, లాలాజలంతో కలిపి కట్టిన మన్ను అది. వేళ్ల మధ్య నలిపితే పిండిలా ఉంటుంది.

మన్ను మంచిదైతే చాలదు, ఒంటి వేడి దించే మట్టి పట్టు వేయడం రావాలి. పుట్టమన్ను దొరక్కపోతే ఎరువూ పేడా తగలని చోట మూడు నాలుగడుగుల లోతు నుంచి తవ్వి తేవాలి. ఎండబెట్టి, దంచి, జల్లెడ పట్టి, రాత్రంతా నానబెట్టాలి. పనితనం బయటపడేది పొద్దున్న కలిపేటప్పుడే. నీళ్లెక్కువైతే పక్కలకు జారిపోతుంది, తక్కువైతే బీటలు వారి చర్మాన్ని లాగుతుంది. తెలిసిన ముసలమ్మ గుప్పిట్లోకి తీసుకుని, ఒక్క నొక్కు నొక్కి కుదిరిందో లేదో చెప్పేస్తుంది. పొట్ట మీదికైతే పది అంగుళాల పొడవు, ఆరు వెడల్పు, ఒక అంగుళం మందం. అరగంట ఉంచితే చాలు. అంచు నుంచి అంచుదాకా ఒకే మందంగా పరిచిన పట్టు చూస్తే, అబ్బ, అప్పుడే సగం వేడి దిగినట్టుంటుంది! తడి ఆవిరవుతూ ఒంటి వేడిని లాగేస్తుంది. ఆ తడిని మన్ను గుడ్డకన్నా ఎక్కువసేపు నిలుపుతుంది. కిటుకంతా అందులోనే ఉంది.

ప్రకృతి వైద్యం మనకు పుస్తకాల దారిన కూడా వచ్చింది. జర్మనీవాడు లూయీ కూనే ప్రకృతి వైద్య గ్రంథాన్ని వేంకటచలపతి శర్మగారు 1894లోనే తెలుగు చేశారు. హిందీవాళ్లకు అది అందింది ఆ తర్వాతే. అడాల్ఫ్ జస్ట్ అనే మరో ప్రకృతి వైద్యుడి పుస్తకం చదివి గాంధీగారు మట్టి పట్టును నమ్ముకున్నారు. ఓడలో వస్తుండగా కొడుకు రామదాసు చెయ్యి విరిగితే, జొహానెస్‌బర్గ్‌లో తానే గాయం కడిగి, నెల రోజులు రోజూ మట్టి పట్టు వేసి మాన్పారు. 1904లో అక్కడే ప్లేగు వస్తే, డాక్టరు అనుమతితో ముగ్గురికి తలకూ ఛాతీకీ తడిమట్టి కట్టారు. ఇద్దరు బతికారు. ముగ్గురితో వైద్యం రుజువు కాదనేవారితో నాకు పేచీ లేదు, ఆ చేతికి మాత్రం దండం పెడతాను.

నేటి వైద్యమూ మట్టిని వదల్లేదు. కేయొలిన్, స్మెక్టైట్ బంకమన్నులు విరేచనాల మందుల్లోకి ఎక్కాయి. అమెరికాలో అరిజోనా పరిశోధకులు కొన్ని మన్నులు మొండి బాక్టీరియాను చంపడం చూశారు. అన్నీ కాదు, కొన్నే. అందుకే తెగిన గాయం మీద, పసిబిడ్డ బొడ్డు మీద పచ్చి మట్టి పెట్టకండి, ధనుర్వాతం పొంచి ఉంటుంది.

నాకు ఒళ్లు మండేది సంచుల్లో అమ్మే పొడిని చూస్తే. రంగు, అత్తరు కలిపి, ఎక్కడి మన్నో ఏ లోతుదో చెప్పకుండా, ముల్తానీ అని పేరు పెట్టి అంటగడుతున్నారు. వాసన చూసి కొనే మన్ను కాదిది! ఇటు చదును పేరుతో యంత్రాలు పుట్టల్ని నేలమట్టం చేస్తున్నాయి, అటు చేలల్లో అడుగడుగునా పురుగుమందుల అవశేషాలే. ఇక శుభ్రమైన మన్ను ఎక్కడ దొరుకుతుంది? మీ వీధిలో పట్టు వేయడం తెలిసిన ముసలమ్మ ఉంటే, వచ్చే ఏడాదికి వాయిదా వేయకండి. ఈ వేసవిలోనే పక్కన కూర్చుని, చేతులకు మన్ను అంటించుకుని నేర్చుకోండి.