కట్ట విప్పితేనే లెక్క

ఒకటో రెండో తరగతి గదిలో చింతగింజలు, పుల్లల కట్టలు, పూసల చట్రం కనిపిస్తే చాలు, అక్కడ లెక్కలు బాగా చెబుతున్నారని మురిసిపోతాం. వస్తువు చేతిలో పడితే సంఖ్య దానంతటదే బుర్రకెక్కుతుందన్న నమ్మకం అది. బ్రెజిల్‌లోని రెసీఫీ నగరంలో వీధుల్లో సరుకులమ్మే పిల్లలపై 1985లో వచ్చిన అధ్యయనం చూస్తే ఆ నమ్మకం నిలవదు. బేరం మధ్యలో అడిగితే నూటికి 98 లెక్కలు సరిగ్గా చెప్పిన పిల్లలే, అలాంటివాటినే కాగితం మీద వట్టి అంకెలుగా ఇస్తే 37 దగ్గర ఆగిపోయారు. పరీక్షించింది ఐదుగురినే కదా అనవచ్చు. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లలను వందల సంఖ్యలో పరీక్షించి 2025లో దాదాపు ఇదే తేల్చింది. పైగా బడిపిల్లలకు బజారు లెక్క కొరుకుడు పడలేదు.

అంటే చేతికి తెలిసింది పలక మీదికి తనంతట తాను రాదు, టీచరు తేవాలి. 42 లోంచి 17 తీసెయ్యమంటే, 2 లోంచి 7 పోదు గనుక 7 లోంచి 2 తీసి 35 అని రాసే పిల్లలు ఎందరో. ‘పక్కంకెను అప్పడుగు’ అని వల్లింపజేస్తే జవాబు వస్తుంది, తెచ్చిన అప్పేమిటో మాత్రం తెలియదు. పదేసి పుల్లల కట్టలు నాలుగు, రెండు విడి పుల్లలు ముందుపెట్టి ఏడు పుల్లలు ఇమ్మనండి. రబ్బరు బ్యాండు తియ్యక తప్పదు. కట్టలు మూడయ్యాయి, విడి పుల్లలు పన్నెండయ్యాయి. సరిగ్గా అప్పుడే పలక మీద 4 కొట్టేసి 3, 2 కొట్టేసి 12 రాయించాలి. పుల్లలు సోమవారం, అంకెలు గురువారం అయితే అవి రెండు వేర్వేరు పాఠాలు. (కొనితెచ్చే ప్లాస్టిక్ పదుల కడ్డీ విడిపోదు, విడి ముక్కలతో మార్చుకోవాలి. ఆరేళ్ల పిల్లకు ఆ తేడా చిన్నది కాదు.)

ఎక్కాలు వల్లించి మనం నేర్చుకోలేదా అనేవారున్నారు. ఎక్కాలు కావాలి, వేగం వాటితోనే వస్తుంది. కానీ ఏడెనిమిదులు మరిచిపోయిన రోజు ఏడైదులకు ఏడు మూళ్లు కలిపి 56కి చేరే తెలివి వల్లింపుతో రాదు. పుల్లలకు అలవాటుపడితే అవి లేనిదే లెక్క సాగదన్న అభ్యంతరం ఇంతకన్నా బలమైనది. అందుకే పుల్లల తర్వాత గీసిన గీతలు, ఆ తర్వాత అంకెలు మాత్రమే అన్న క్రమం ముందే ఉండాలి. ఒకే టీచరు మూడు తరగతులు చూసుకునే బడిలో ఇదంతా కష్టమే, కాదనను. అక్కడ రోజుకో లెక్క ఇలా పూర్తిగా చేయించినా మేలే.

బోధనోపకరణాల (టీఎల్ఎం) మేళాల న్యాయనిర్ణేతలకు ఒక మనవి. థర్మకోల్ నమూనా అందానికి మార్కులు వేసేముందు, ఆ బడి పిల్లల్లో ఒకరిని పిలిచి, దానితో ఒక తీసివేత చేస్తూ ప్రతి అడుగూ పలక మీద రాయమనండి.