లీసా కడీ పాత్ర – అధికారౌచిత్యము

అపరాధపరిశోధక కథలో నాయకునకు ఎవ్వరి యనుమతియు నక్కఱలేదు. షెర్లాక్ హోమ్సు బేకరు వీధిలోని తన గదిలో గూర్చుండి నచ్చిన చిక్కును విప్పును, నచ్చనిదానిని త్రోసిపుచ్చును. ఆయనకు పై యధికారి లేడు. ఏటి చివర లెక్కలు ఒప్పజెప్పవలసిన పని లేదు. డేవిడ్ షోర్ సృష్టించిన ‘హౌస్’ అను అమెరికను టెలివిజన్ ధారావాహిక యీ హోమ్సునే వైద్యునిగ మార్చి యొక బోధనాసుపత్రిలో ప్రవేశపెట్టినది. గ్రెగరీ హౌస్ హోమ్సునకును, ఆయన మిత్రుడు విల్సన్ వాట్సనునకును ప్రతిరూపములనుట సువిదితము. దానిని మఱల విస్తరించుట మా యుద్దేశము గాదు. హోమ్సు కథలలో మూలము లేని పాత్ర యొకటి యిందు గలదు. ఆమె ప్రిన్స్‌టన్-ప్లెయిన్స్‌బరో ఆసుపత్రికి ప్రధానపాలకురాలును, వైద్యవిభాగమునకు డీనును అగు లీసా కడీ. ఈమెను నాయకునకు అడ్డుతగులు అధికారిగ గాని, ఆయన ప్రేయసిగ గాని చూచుట సులభము. ఈ రెండు చూపులును పాత్ర మర్మమును అందుకొనజాలవని మా యభిప్రాయము. అంతేకాక, ధారావాహికయే ఆమెను అధికారిస్థానమునుండి ప్రేయసీస్థానమునకు జాఱవిడిచి, తన యుత్తమసృష్టిని తానే చెఱచుకొన్నదని చూపదలచితిమి.

‘హౌస్’ ఫాక్స్ సంస్థచే 2004 నవంబరు 16 మొదలు 2012 మే 21 వఱకు 8 సీజనులుగ, 177 ఎపిసోడులుగ ప్రసారమైనది. కడీగ నటించిన లీసా ఎడెల్‌స్టీన్ తొలి 7 సీజనులందును గలదు. మొదటి ఎపిసోడునందే ఆమె చేయు పని గమనింపదగినది. హౌస్ ఆఱు సంవత్సరములుగ బయటిరోగులను జూడవలసిన విధిని ఎగవేయుచున్నాడు. కడీ ఆయనతో చాలసేపు వాదింపదు. ఆయన కోరు పరీక్షలకు అధికారమును నిలిపివేయును. యంత్రములు సిద్ధముగ నున్నవి, రోగి మంచముపై నున్నది, వైద్యునకు ఊహయు తట్టినది. సంతకము మాత్రము లేదు. తుదకు హౌస్ దిగివచ్చి బయటిరోగులను జూచుటకు ఒప్పుకొనును. ఈ పాత్రకు క్రియ యేదియో యీ సన్నివేశమే తేల్చుచున్నది. హౌస్ క్రియ కనుగొనుట. కడీ క్రియ అనుమతించుట, లేదా నిరాకరించుట. కనుగొనువాడు తప్పినచో మఱియొక యూహ చేయును. అనుమతించినవారికి ఆ సౌకర్యము లేదు. ఫలము వారి పేరనే నిలిచిపోవును.

వైద్యధారావాహికల చరిత్రలో నిట్టి పాత్ర మొదటినుండి యున్నది గాదు. 1961లో ఆరంభమై 1966లో ముగిసిన ‘డాక్టర్ కిల్డేర్’, ‘బెన్ కేసీ’ యను రెండింటను యువవైద్యునకు పైన నున్నవాడు గురువు. గిలెస్పీ గాని, జోర్బా గాని మందలించినచో అది గురువు శిష్యుని మందలించుటయే. 1982-1988 నడుమ వచ్చిన ‘సెయింట్ ఎల్స్‌వేర్’లో, బోస్టనులోని పేదయాసుపత్రిని కడపటి సీజనున ఎక్యుమినా యను వ్యాపారసంస్థ కొనుటతో, పాలకుడు వేఱు, గురువు వేఱు అయిరి, గిడియన్ అను క్రొత్తపాలకుడు పాతవారి కంటికి పరాయివాడు. కడీయందు ఈ రెండును మఱల నొక్కచో గూడినవి. ఊహ సరియైనదా యని తూచగల విద్యయు, దానికి ఎంత యగునో లెక్కింపవలసిన బాధ్యతయు ఒక్క తలలోనే యుండుటవలన ఆమె సంఘర్షణలో సగము లోపలనే జరుగును.

మన లాక్షణికుల పరిభాషలో ఈమె అమాత్యస్థానీయ. నాట్యశాస్త్రము రాజులను ధీరలలితులుగను, సేనాపతులను, అమాత్యులను ధీరోదాత్తులుగను చెప్పినది. ఈ విభాగము యాంత్రికమని త్రోసివేయువారు గలరు గాని, ఇందొక లోకజ్ఞానము గలదు. రాజు విలాసముగ నుండగలుగుట మఱియొకరు మేలుకొని యుండుటవలననే. హౌస్ తన ప్రతిభను, తన వెటకారమును, తన నొప్పిమాత్రలను నిరంకుశముగ ననుభవింపగలుగుట కడీ మేలుకొని యుండుటవలననే. విశాఖదత్తుడు ‘ముద్రారాక్షసము’న ఇరువురు మంత్రులను ఎదురెదురుగ నిలిపి, శృంగారమును దరిజేరనీయలేదు. వేదము వేంకటరాయశాస్త్రిగారి ‘ప్రతాపరుద్రీయము’ (1897)న కథను నడపునది రాజు గాదు, మంత్రి యుగంధరుడు. అమాత్యపాత్ర ప్రధానమైనపుడు కవి యేమి పట్టవలెనో, ఏమి విడువవలెనో యీ నాటకములవలన తెలియును. ఈ మాట మున్ముందు మఱల నక్కఱపడును.

మొదటి సీజనులోని వోగ్లర్ వృత్తాంతము (2005) ఈ పాత్రకు గీటురాయి. ఔషధసంస్థాధిపతి యగు వోగ్లర్ 10 కోట్ల డాలర్లు ఆసుపత్రికి ఇచ్చి పాలకమండలికి అధ్యక్షుడగును. తన సంస్థ చేయు మందును మెచ్చుచు ప్రసంగింపుమని హౌస్‌ను నిర్బంధించును. ఆయన లొంగకపోగా ఉద్యోగమునుండి తొలగింప బూనును. విల్సన్ కాదన్నందున విల్సన్‌నే మండలినుండి తొలగించును. తరువాత కడీ కాదనును. ఇచట ఆమె మాటలు గమనింపదగినవి. హౌస్ మంచివాడని ఆమె చెప్పదు. చెప్పినను నమ్మువా రుండరు. హౌస్ పోదగినవాడని నిజముగ దలచినచో పంపుడని, ధనము పోవునను భయముతో పంపుచున్నచో మీరు అమ్ముడుపోయినవారేయని మాత్రము మండలికి తెలియజేయును. మండలి వోగ్లర్‌ను సాగనంపును. ధనమును ఆయన వెంటనే పోవును. ఈ విజయమున హౌస్ కోలుపోయినది దాదాపు శూన్యము. కడీ మాత్రము ఆ ధనముతో కట్టదగిన వార్డులను, కొనదగిన యంత్రములను, వానివలన బ్రతుకదగిన, మనము పేరెఱుగని రోగులను వదలుకొన్నది. ఒక్క వైద్యునికొఱకు ఇంత విడుచుట న్యాయమేనా? మాకు న్యాయముగనే తోచును, ఏలయన ఆమె నిలువబెట్టినది వైద్యుని గాదు, కాదనగల శక్తిని.

ఆమె యనుమతులలో మిక్కిలి బరువైనది ధారావాహిక ఆరంభమునకు ముందే జరిగిపోయినది. డేవిడ్ షోర్‌కు రచనకై ఎమ్మీ బహుమానము దెచ్చిన ‘త్రీ స్టోరీస్’ (2005)న ఆ సంగతి బయటపడును. హౌస్ తొడలో రక్తప్రసరణ నిలిచి కండ చచ్చినపుడు ఆయనకు వైద్యము చేసినది కడీయే. కాలు తీయించుకొనుటకు హౌస్ ఒప్పుకొనలేదు. చచ్చిన కండను మాత్రము తొలగించు మధ్యేమార్గమును కడీ సూచింపగా, ఆయన స్పృహలో లేనివేళ సహచరి స్టేసీ ఆయన బదులు సమ్మతించినది. ప్రాణము దక్కినది, నొప్పియు దక్కినది. కడీ హౌస్‌కు ఆ తరువాత చూపు ప్రతి వెసులుబాటునందును ఈ పాతఋణము వడ్డీ కలదు.

ఇట్లనుటచే ఆమె దోషరహిత యని మేము చెప్పము. మూడవ సీజనులోని ‘వర్డ్స్ అండ్ డీడ్స్’ (2007)న ఆమె న్యాయస్థానమున ప్రమాణము చేసి, కల్పించిన మందుల లెక్కను జూపి, హౌస్‌ను శిక్ష తప్పించును. తనకు అధికారము లేనిదానిని అనుమతించుట యిది. రాక్షసుడును, చాణక్యుడును కపటములు పన్నలేదా యని పరిశోధకవిద్యార్థి యొకడు అడుగవచ్చును. పన్నిరి, కాని రాజ్యముకొఱకు పన్నిరి. కడీ అసత్యము ఒక యుద్యోగికొఱకు. ఈ భేదము కథాసంవిధానమున తగినంత పట్టింపునకు రాకపోవుట మాకు వింతగ దోచినది.

పాత్ర పూర్ణముగ వెలిగినది ఆఱవ సీజనులోని ‘ఫైవ్ టు నైన్’ అను ఎపిసోడున (2010 ఫిబ్రవరి 8). ఆ యొక్క దినము మనము ఆసుపత్రిని కడీ కన్నులతో జూతుము. తక్కిన యెపిసోడులలో కథ నంతయు ఆక్రమించు రోగనిర్ణయము ఇందు తలుపుసందున వినవచ్చు సద్దు మాత్రమే. హౌస్ వచ్చి యేదో విచిత్రచికిత్సకు అనుమతి యడిగిపోవును. ఆ రోగి గతి యేమో తెలిసికొనవలెనను ఆతురత మనకు కలుగదు.

ఆమె దినమును మ్రింగివేయునది బీమాసంస్థతో బేరము. దీనిని గ్రహించుటకు అమెరికా వైద్యవ్యవస్థ గూర్చి యొక మాట చెప్పవలెను. అచ్చట పెక్కుమంది చికిత్సావ్యయమును వారి బీమాసంస్థలు చెల్లించును. ఏ చికిత్సకు ఎంత యన్నది సంస్థయు, ఆసుపత్రియు ముందుగ నొడంబడిక చేసికొందురు. ఒడంబడిక తెగినచో ఆ సంస్థ చందాదారులు అధికభారమును దామే మోయవలెను, లేదా వేఱొక యాసుపత్రికి పోవలెను. కనుక ఇరుప్రక్కలవారి చేతిలోని యాయుధము రోగులే. అట్లాంటిక్‌నెట్ అను కల్పితసంస్థను కడీ కోరునది 12 శాతము పెంపు. వారీయరు. ఆమె గడువు విధించును; సంబంధము తెంచుకొనుటకు సిద్ధపడును. ఆమె పదవికే ముప్పు వచ్చును. దీని నడుమ మందులకొట్టులో దొంగతనము, శస్త్రవైద్యుల తగవు, తెగిన బొటనవ్రేలిని అతికించినందులకు దావాకు దిగిన రోగి, ఇంట పసిబిడ్డ.

పనులు ముంచుకొని వచ్చుటను జూపుట యే రచయితకైనను సాధ్యమే. ఈ యెపిసోడును మెచ్చుటకు మాకు కారణము వేఱు. రోగనిర్ణయమునకు తుది గలదు. వ్యాధి పేరు దొఱకినచో కథ ముగియును. 12 శాతమే యేల, 10 చాలదా యను ప్రశ్నకు ఏ రక్తపరీక్షయు సమాధానమీయదు. తుదకు సంస్థ దిగివచ్చును. గెలిచినది గనుక ఆమె పని సాహసమైనది. ఓడినచో అదియే మొండితనమనిపించుకొనెడిది. ఈ తేడా ఆమె యోగ్యతలో లేదని ఆమెయు ఎఱుగును, మనమును ఎఱుగుదుము. ఇచటి రసము వీరమే గాని, యుద్ధవీరము గాదు. దానవీరమునకు విలోమమనదగినది: పదిమందికొఱకు అడిగి తెచ్చువారి వీరము. మన లాక్షణికులు దీనికి వేఱుగ పేరు పెట్టలేదు.

2010 సెప్టెంబరున ఆరంభమైన ఏడవ సీజనులో కడీయు, హౌసును ప్రేయసీప్రియులైరి. అనురాగబీజములు మొదటినుండియు గలవనుట నిజమే. బీజముండుట వేఱు, అది తక్కిన పంటను గప్పివేయునట్లు పెంచుట వేఱు. క్షేమేంద్రుడు మెడలో మొలనూలు దాల్చినవారు నవ్వులపాలగుదురనుటలో మొలనూలిని నిందింపలేదు. దాని చోటును గూర్చి చెప్పినాడు. ‘ఆఫీస్ పాలిటిక్స్’ (2010)న హౌస్ ఒక చికిత్సకు కడీ యనుమతి పొందుటకై రక్తపరీక్షాఫలితమును కల్పించును. పాత్ర మర్మస్థానమునకు తగిలిన దెబ్బ యిది, అనుమతిని దొంగిలించుట. అటుపిమ్మట ‘స్మాల్ సాక్రిఫైసెస్’న ఆమె నిలదీయగా, తాను మోసగించినది అధికారిని గాని ప్రియురాలిని గాదని ఆయన సమర్థన. ఇంతకంటె గొప్ప యవకాశము ధారావాహికకు మఱల దొఱకలేదు. అధికారి పక్షమున మాటాడవలసిన కడీ, తనతో నిజము పలుకుమని ప్రియురాలి పక్షమున మాటాడును. తగవు క్షమాపణయొద్దకు వచ్చి తీఱును. దొంగిలింపబడిన సంతకమును గూర్చి విచారణ లేదు. మొదటి యెపిసోడునాటి కడీ యైనచో ఆ మఱునాడే హౌస్ పరీక్షాధికారమును నిలిపివేసి యుండెడిది.

అధికారిణికి హృదయముండరాదా యని యాక్షేపింపవచ్చును. ఉండవచ్చును. ‘ఫైవ్ టు నైన్’ నాటికే ఆమెకు బిడ్డయు, సహచరుడును గలరు. వారివలన అధికారికి లోటు రాలేదు. తాను అనుమతింపవలసినవానితోనే ముడిపడినపుడు లోటు వచ్చినది. స్త్రీ యగుటచేతనే ఆమెను ప్రేయసిని జేయుట రచయితలకు సులభముగ దోచెనేమో యను సందేహమును దాచనక్కఱలేదు. ఎనిమిదవ సీజనున ఆ కుర్చీ నెక్కిన ఎరిక్ ఫోర్‌మన్‌ను వారు అధికారిగనే యుంచిరి.

2011 మార్చిలో వారి యనుబంధము తెగినది. మే 23న ప్రసారమైన ‘మూవింగ్ ఆన్’ చివర హౌస్ తన కారును ఆమె యింటి భోజనశాలలోనికి తోలును. కథ యాయన వెంట సముద్రతీరమునకు పోవును. కూలిన గోడయొద్ద నిలిచిన కడీయొద్ద ఆగదు. ఎడెల్‌స్టీన్ ఆ సీజనుతో ధారావాహికను వీడినందున ఆ పాత్రకు వీడ్కోలు సన్నివేశమును లేకపోయినది. తరువాతి సీజనున హౌస్ చెఱసాలలో నుండగా, ఫోర్‌మన్ షరతులపై ఆయనను విడిపించి మఱల ఆసుపత్రికి దెచ్చును. కడీ బల్లయొద్ద మఱల సంతకములు, మఱల నిరాకరణములు. కడపటి ‘ఎవ్రీబడీ డైస్’ (2012)న మంటలంటుకొన్న కట్టడములో హౌస్ మనసునకు గతించిన కట్నర్, ఆంబర్ కనిపింతురు, విడిచిపోయిన స్టేసీ, కామెరాన్ కనిపింతురు. కడీ కనిపింపదు.