అన్యగ్రహవాసుల దండయాత్ర – 'వి' ధారావాహికలో కథ, పాత్రలు

ఆకాశం నుంచి వింత వస్తువేదైనా దిగితే మనిషి మొదట అడిగే ప్రశ్నలు రెండు: ఇది ఏమిటి? ఎందుకు వచ్చింది? 2022 డిసెంబరు 7న మొయినాబాద్, చేవెళ్లల దారి దాటి వికారాబాదు జిల్లాలోకి పోతే వచ్చే మొగిలిగుండ్ల పొలాలలో పెద్ద గోళమొకటి దిగినప్పుడు, జనం అడిగినవి ఇవే. అన్యగ్రహ వాహనమేమోనన్న మాట కూడ పుట్టింది. స్పెయిన్‌కు చెందిన హేలో స్పేస్ సంస్థ, మనుషులను విహారానికి పైకి తీసుకుపోవాలని తలపెట్టి, హైదరాబాదులోని టాటా సంస్థ బెలూన్ కేంద్రం నుంచి మనుషులు లేకుండా ఎగురవేసి పరీక్షించిన గోళమది. ఎక్కిన ఎత్తు సుమారు 37 కిలోమీటర్లు. రెండు ప్రశ్నలకూ జవాబు దొరికింది, భయం తీరింది.

అన్యగ్రహవాసుల దండయాత్ర కథలు కూడ ఈ రెండు ప్రశ్నలకూ జవాబు చెప్పవలసినవే. అమెరికాలో 1983లో ప్రసారమైన 'వి' మొదటి ప్రశ్నకు చక్కగా జవాబిస్తుంది. రెండవదాని దగ్గర తడబడుతుంది. మహానగరాలపై పెద్ద ఓడలు నిలుస్తాయి. వచ్చినవారు మనుషులవలెనే ఉంటారు, స్నేహం కోరుతారు. పైచర్మం చిరిగితే లోపల సరీసృపాలు! వారి అసలు పని భూమిమీది నీటిని దొంగిలించడం, మనుషులను ఆహారానికి తరలించడం.

నీరు! లెక్క వేసి చూడండి. మొయినాబాద్‌కు అటు గండిపేట, ఇటు హిమాయత్‌సాగర్. గండిపేట నీరు ఒక్క లీటరును భూమి ఆకర్షణ దాటించాలంటే కనీసం 17 యూనిట్ల విద్యుత్తుకు సమానమైన శక్తి కావాలి. సౌరకుటుంబపు అంచున తోకచుక్కలలో మంచు కుప్పలుగా ఉంది. అక్కడ ఆకర్షణ అత్యల్పం. సుమారు 8.6 కాంతి సంవత్సరాల దూరాన ఉన్న లుబ్ధక నక్షత్రం నుంచి వచ్చినవారు దారిలోని మంచును విడిచి, భూమి అడుగున ఉన్న నీటికోసం కాపలా సైన్యంతో దిగుతారా? ఇంత విద్య తెలిసినవారికి ఈ లెక్క తెలియదనుకోవడం కష్టం. కారణం బలహీనమైతే శత్రువు బొమ్మ అవుతాడు. డయానా అనే నాయకురాలి విషయంలో జరిగింది అదే: పట్టుకోవడం, తప్పించుకోనివ్వడం, మళ్లీ పట్టుకోవడం.

అయితే తొలి భాగాన్ని తేలికగా కొట్టివేయరాదు. రచయిత, దర్శకుడు కెనెత్ జాన్సన్ అక్కడ నిజమైన భయాన్ని పట్టుకున్నాడు. వచ్చినవారు ముందు శాస్త్రజ్ఞులను అనుమానితులుగా చేస్తారు. పేర్లు నమోదు చేయిస్తారు. ఇరుగుపొరుగు వారిని దూరం చేస్తుంది. కారణం స్పష్టమే: తమ శరీరాలను పరీక్షించగలవారు వారే కదా! నాజీ శిబిరాన్ని చూసిన అబ్రహాం అనే ముసలాయన ఒక శాస్త్రజ్ఞుని కుటుంబాన్ని ఇంట దాచుతాడు. మనుమడు డేనియల్ వచ్చినవారి యువజన దళంలో చేరి, ఇంటిగుట్టు బయటపెడతాడు. పనికిరానివాడని నలుగురిచేత అనిపించుకున్న కుర్రవాడికి ఒక యూనిఫాం దొరికింది. అతని ద్రోహానికి ఏ నక్షత్రలోకపు విజ్ఞానమూ అక్కరలేదు. ధారావాహిక మొత్తంలో ఇంత నమ్మదగిన పాత్ర మరొకటి లేదు.

1984లో వచ్చిన 'ఫైనల్ బ్యాటిల్' భాగంలో ఈ పట్టు సడలింది. జాన్సన్ అప్పటికే తప్పుకున్నాడు. మానవ యువతికీ సరీసృపానికీ బిడ్డ పుడుతుంది. భూమిమీద కలిసి పుట్టి పెరిగిన మనిషికీ కప్పకూ సంతానం కలగదే, వేరే సూర్యుని కింద పుట్టిన జీవితో ఎలా? సరే, కథ కోసం ఒప్పుకుందాం. ఆ బిడ్డ, ఎలిజబెత్, చివరకు చేతినుంచి మెరుపులు చిందించి ఓడలోని బాంబును ఆపివేస్తుంది. వైద్యవిద్యార్థిని జూలియెట్, కెమెరామన్ డోనవన్ ప్రాణాలొడ్డి చేసిన పోరాటమంతా ఆ ఒక్క మెరుపులో కొట్టుకుపోయింది. వాళ్ల బుద్ధికి పని లేకపోయింది. ప్రేక్షకుని బుద్ధికి కూడ.

అంతకు ముందే ప్రతిఘటన దళం కనిపెట్టిన 'ఎర్ర ధూళి' మాత్రం మంచి ఊహ. పుట్టి చనిపోయిన రెండవ శిశువును పరీక్షించి, అన్యగ్రహవాసులకు విషమై మనుషులకు హానిలేని సూక్ష్మజీవిని రాబట్టడం నిజమైన ప్రయోగశాల పనిలాగే ఉంటుంది. కాని 1984–85లో వారం వారం వచ్చిన 19 భాగాల కోసం శత్రువు మళ్లీ కావలసివచ్చింది. అందుకని ఆ సూక్ష్మజీవి వృద్ధికి గడ్డకట్టే చలి కావాలని, వెచ్చని ప్రదేశాలలో అది నశిస్తుందని కొత్త నియమం పెట్టారు. ఆ నియమం ప్రకారం లాస్ ఏంజెలెస్‌లో పోరాటం సాగింది. అదే నియమం ప్రకారం నీరు గడ్డకట్టే చలి ఎరుగని చేవెళ్ల, మొయినాబాద్‌లు, వాటితోపాటు ఉష్ణదేశాలన్నీ పన్నెండు నెలలూ శత్రువు చేతిలో ఉండాలి. అక్కడి కోట్ల జనం ఏమయ్యారో కథ ఒక్క మాటైనా చెప్పదు.