గోడమీది కలం: హైదరాబాదు అరబ్బీ లిపికారుడు అనిల్ కుమార్ చౌహాన్ రచనా విధానం – పరిశీలన

ఉపోద్ఘాతం:
హైదరాబాదులో వందకు పైగా మసీదుల గోడలపై ఖురాన్ వాక్యాలు రాసిన అనిల్ కుమార్ చౌహాన్ గురించి పత్రికలు విరివిగా రాశాయి. హిందువు మసీదులో రాయడమే ఆ కథనాలకు కేంద్రం. ఆయన మతసామరస్యానికి ప్రతీక అన్నది నిజమే. అయితే ఆ ప్రశంసలో ఆయన విద్య మరుగున పడింది. ఆ విద్య స్వరూపాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

అభ్యాస క్రమం:
సంప్రదాయంలో లిపికారుడు ఉస్తాదు వద్ద ఏళ్ల తరబడి సాధన చేసి 'ఇజాజత్' పొందుతాడు. రెల్లు కలం కొన వేసే చుక్కే అక్షరానికి కొలమానం. అలిఫ్ ఎత్తునూ చుక్కలతోనే లెక్కిస్తారు. చౌహాన్ ఈ దారిలో రాలేదు. సైన్‌బోర్డులు రాసే చిత్రకారుడిగా, ఉర్దూ తెలియని దశలో, ఎదుటి నమూనాను చూసి దించారు. రాస్తూ రాస్తూ భాష నేర్చుకున్నారు. ఆయనకు ముందు రూపం, తరువాత అర్థం పట్టుబడ్డాయి.

లిపి సమస్య:
ఉర్దూ బోర్డు సాధారణంగా హ్రస్వాచ్చుల గుర్తులు లేకుండానే సాగుతుంది. ఖురాన్ లేఖనంలో ఆ గుర్తులు కీలకం. తెలుగులో ఒక్క దీర్ఘంతో 'కలం' 'కాలం' అయినట్లు, అక్కడా గుర్తు మారితే అర్థం మారుతుంది. అన్యమతస్థుడు రాయవచ్చా అన్న అభ్యంతరం వచ్చినప్పుడు ఆయన జామియా నిజామియా విద్యాపీఠం అనుమతి పొందారు. ఎవరు రాయవచ్చన్న ప్రశ్నకు అది సమాధానం. ఎలా రాశారన్న ప్రశ్నకు సమాధానం వేరొకటి: 83 ఆయతుల సూరా యాసీన్‌ను ఆయన రాసిన ప్రతి ఆ సంస్థ గ్రంథాలయంలోనే చోటు పొందింది.

కుంచె – కలం:
రెల్లు కలంలో కొన వెడల్పే గీత లావుసన్నాలను నిర్ణయిస్తుంది. కుంచెకు ఆ కట్టుబాటు లేదు. కంటి అంచనాయే ఆధారం. చుక్కల కొలతతో తూచేవారికి ఇది లోపంగా తోచవచ్చు. కానీ గోడ రాతను దూరం నుంచి, తల ఎత్తి చదువుతారు. ఈ నగరంలోనే బాద్‌షాహీ అశుర్‌ఖానాలోని 1611 నాటి రంగు పలకలపై అక్షరాలు అటువంటి చూపు కోసమే రూపొందాయి. చౌహాన్ రచనను కాగితపు ప్రతులతో కాక, ఈ గోడ సంప్రదాయంతో పోల్చడం సముచితం.

ముగింపు:
ఫ్లెక్సీల రాకతో బోర్డు రాసే చేతులకు పని తగ్గింది. ఆయన నేర్చిన వీధిబడి మూతపడుతోంది. సున్నం వేసిన ప్రతిసారీ గోడ రాతకు ముప్పే. ఆయనను ప్రతీకగా మాత్రమే గుర్తుంచుకుంటే అక్షరాలు మిగలవు. వాటిని మసీదుల వారీగా ఛాయాచిత్రాలతో నమోదు చేయడం పరిశోధకుల తక్షణ కర్తవ్యం.